ఫోటో పిన్ని పట్టుకెళ్ళిన కుర్చీ

ఏంట్రా మనవడా, ఎమ్మెల్యే గారి వార్తలు రాసే పని నీకిచ్చారట? మీ అమ్మ చెప్పింది. కూర్చో, కూర్చో. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు. ఇప్పుడంటే మీరు ఫోన్లోనే పంపేస్తున్నారు గానీ, అప్పట్లో నెలకోసారి నాలుగు పేజీల పేపరు అచ్చేసి ఇంటింటికీ పంచేవాళ్ళు. 'మీ గుమ్మంలో' అని దాని పేరు. మొదటి పేజీలో ఎమ్మెల్యే గారు రిబ్బను కత్తిరిస్తూ, రెండో పేజీలో మొక్క నాటుతూ, మూడో పేజీలో ఎవరికో ఏదో ఇస్తూ ఉండేవారు. నాలుగో పేజీలో కరెంటు ఎప్పుడు తీస్తారో, టీకాలు ఎక్కడ వేస్తారో ఉండేది. జనం నాలుగో పేజీ చూసుకుని మిగతాది అలమరల్లో పరుచుకునేవాళ్ళు. నవ్వకు, రేపు నీ రాతలకీ ఏదో ఒకటి అవుతుందిలే. ఇంతకీ ఆ మూడో పేజీ ఉంది చూశావూ, అందులో నెలనెలా పుచ్చుకుంటూ కనబడే మనిషి మా పిన్ని. మా అమ్మకి సొంత చెల్లెలు. నువ్వు పుట్టకముందే పోయింది. ఊళ్ళో ఎవరినడిగినా ఫోటో పిన్ని అనే చెప్పేవాళ్ళు. అసలు పేరు నాక్కూడా ఒక్కోసారి గుర్తొచ్చేది కాదు.

ఆవిడకి సందు మొదట్లో ఇస్త్రీ బడ్డీ. వెనకాల ఒకటే గది, అందులోనే కాపురం. బాబాయి గోడలకి సున్నాలు వేసేవాడు. ఎమ్మెల్యే గారి తెల్లబట్టలు పిన్ని చేతి మీదే నడిచేవి, మడత చెడితే ఆయన మీటింగు చెడినట్టే. ఓసారి ఆ బట్టల కోసం పీఏ గారూ, ఫోటోలు తీసే అతనూ జీపులో వచ్చారు. ఇద్దరి మొహాల్లోనూ నెత్తురు చుక్క లేదు. నేను పనిచేసే బళ్ళో దుప్పట్లు పంచే సభ, ఇచ్చేవాళ్ళంతా వచ్చేశారు, పుచ్చుకోడానికి ఒక్క పురుగు లేదు. సభ ఉందన్న సంగతి మూడో పేజీలో వేశారు మరి, ఎవరు చదివి చచ్చారు? అప్పుడు ఫోటోల అతను పిన్నిని చూశాడు. బొగ్గుల పెట్టె కదా, ఆ పొగకి ఆవిడ కళ్ళు ఎప్పుడూ చెమ్మగానే ఉండేవి. పైగా పళ్ళన్నీ కనబడేలా నవ్వే మొహం. అతను ఎగిరి గంతేశాడు. "సార్ సార్, ఇటు చూడండి! ఇంకా ఏమీ ఇవ్వనే లేదు, అప్పుడే ఆనందబాష్పాలు!" అన్నాడు. అంతే, ఎక్కించుకుపోయారు.

అక్కణ్ణించి ఏది పంచినా పిన్నే. పేపర్లో పేరు ఉండదు, ఓ నెల వృద్ధురాలు, ఓ నెల నిరుపేద తల్లి. ఒకసారైతే 'వితంతువుకు కుట్టుమిషను' అని వేసేశారు. బాబాయి ఆ పేపరు పట్టుకుని, "ఏమేవ్, నేను పోయానని నాకొక్క మాటైనా చెప్పొద్దటే?" అని సందంతా వినిపించేలా అడిగాడు. "పేపరు వాళ్ళు చెప్తారేమో అనుకున్నా" అంది పిన్ని. అలా ఉండేవాళ్ళు ఇద్దరూ. ఆఁ, ఇంటికేమన్నా తెచ్చుకునేదా అంటావా? భలేవాడివే. ఫోటో అయిన వెంటనే సామాను మా బడి సామాన్ల గదిలోకి తిరిగొచ్చేది. తాళం నా దగ్గరే కాబట్టి నాకు తెలుసు. ఒక కుట్టుమిషనూ, ఒక చక్రాల కుర్చీ, కొన్ని చేతికర్రలూ. నియోజకవర్గం మొత్తాన్ని వాటితోనే ఆదుకున్నారు. నేనే అడిగా, "ఎందుకు పిన్నీ నీకీ వేషాలు?" అని. "పొద్దస్తమానం నిలబడి ఇస్త్రీ చేసే దాన్నిరా, జీపులో కాసేపు కూర్చోనిస్తారు" అంది.

అలా ఉండగా బాబాయి నిచ్చెన మీంచి పడ్డాడు. నడుం కిందంతా చచ్చుబడిపోయింది. గలగలా మాట్లాడే మనిషి ఆ గదిలో గోడకేసి చూస్తూ పడుకునేవాడు. బయట ఎవరన్నా నవ్వితే, "ఏమైందే, ఎందుకు నవ్వుతున్నారు?" అని లోపల్నించి కేకేసేవాడు. పిన్ని ఇస్త్రీ ఆపి వెళ్ళి చెప్పేది. చెప్పేసరికి అందులో నవ్వు ఉండేది కాదు. ఇక లాభం లేదని చక్రాల కుర్చీ కోసం ఎమ్మెల్యే గారి ఆఫీసుకి వెళ్ళింది, నేనూ వెంటెళ్ళా. పీఏ గారు చాలా మర్యాదస్తుడు, కుర్చీ వేయించి మరీ కూర్చోబెట్టాడు. "అమ్మా, మీకు కిందటేడే ఇచ్చేశాం గదా" అన్నాడు. "అది ఫోటోకి బాబూ" అంది పిన్ని. "ఫోటోకి అని ఎక్కడైనా వేశామా? ఇచ్చాం అనే వేశాం. మళ్ళీ ఇస్తే, అప్పుడు ఇవ్వలేదని మేమే ఒప్పుకున్నట్టు కాదూ? ఇంతకీ ఎవరికి?" "మా ఆయనకి." పీఏ గారు పాపం నిజంగా బాధపడ్డాడురా. "ఆయన లేరు గదమ్మా! మేమే వేశాం" అన్నాడు.

నాలుగు రోజులకి మళ్ళీ జీపొచ్చింది. పైనించి ఎవరో పెద్ద నాయకుడు వస్తున్నాడు, ఆయన ముందు చక్రాల కుర్చీ ఇవ్వాలి. పిన్ని ఎప్పట్లాగే ఎక్కింది. వేదిక మీద ఎమ్మెల్యే గారు కుర్చీ ముందుకి తోశారు, ఫోటో తీశారు, జనం చప్పట్లు కొట్టారు. మామూలుగా అయితే పిన్ని దణ్ణం పెట్టి, కుర్చీ వదిలేసి, దిగిపోవాలి. ఆ రోజు కుర్చీ పట్టుకుని అలాగే నిలబడింది. ఎమ్మెల్యే గారు నవ్వుతూనే తన వైపు లాగారు. పిన్ని నవ్వుతూనే తన వైపు లాగింది. ఇది చూసి ఆ పెద్దాయన, ఏమీ తెలియదు కదా, "ఏమన్నా చెప్తావా అమ్మా?" అని మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టాడు. "ఏం చెప్తాను బాబూ, మా ఎమ్మెల్యే గారు మాటంటే మాటే. ఇచ్చామని పేపర్లో వేస్తారు. ఇంట్లో కుర్చీ లేకపోతే రేపు నలుగురూ ఆయన్ని అబద్ధాలకోరు అనరూ? ఆ నింద మన బాబుకి రాకూడదు. అందుకే తీసుకెళ్తున్నా" అంది. పెద్దాయనకి కళ్ళు చెమర్చాయి. ఎమ్మెల్యే గారి కళ్ళు కూడా చెమర్చాయి గానీ అది వేరే సంగతి. అందరూ లేచి చప్పట్లు కొడుతుంటే పిన్ని ఆ కుర్చీ తోసుకుంటూ బజారు మధ్యలోంచి ఇంటికెళ్ళిపోయింది. వెనకాల పీఏ గారు దాదాపు పరిగెత్తుతూ, "పిన్నీ, పిన్నిగారూ, సాయంత్రం పక్క ఊళ్ళో కూడా ఇవ్వాలండీ, అదొక్కటే ఉంది" అని గొణుగుతూనే ఉన్నాడు. ఆ సాయంత్రం పాపం తన ఆఫీసులో గిరగిరా తిరిగే కుర్చీ పట్టుకెళ్ళి ఇప్పించాడట. దాన్నీ పేపర్లో వేశారు.

నువ్వు రాసేవాడివి కాబట్టి చెప్తున్నా, జాగ్రత్తగా విను. ఆ నెల మూడో పేజీలో మొట్టమొదటిసారి నిజం వచ్చింది. ఒక్కరు నమ్మితే ఒట్టు. మా బళ్ళో మాస్టార్లే, "మీ పిన్నికి మళ్ళీ ఇచ్చారటగా!" అని పడీపడీ నవ్వారు. బాబాయి ఆ కుర్చీలో బడ్డీ పక్కన కూర్చుని వచ్చేపోయే వాళ్ళందరితో కబుర్లాడుతున్నాడు, అయినా సరే.

మరుసటి నెల పీఏ గారు చెప్పులు బయట విడిచి మరీ వచ్చాడు. "ఒక్క గంట, పిన్నిగారూ. ఫోటో తీసి మళ్ళీ నేనే తెచ్చిస్తా." పిన్ని తల కూడా ఎత్తలేదు. కాలరు మీద నీళ్ళు చిలకరిస్తూ, "నన్నడుగుతారేం బాబూ, కూర్చున్నది ఆయన. లేవమని ఆయన్నే అడగండి" అంది.

పీఏ గారు బాబాయి వంక చూశాడు. బాబాయి ఆయన వంక చూసి నవ్వాడు. అడగలేకపోయాడురా...

ఊఁ. ఆ కిటికీ వేసెయ్, దోమలొస్తున్నాయి.