రెండు దాటొద్దు

నాంపల్లిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. ఐసీయూ లోపల తండ్రి. బయట వరండాలో అన్న రత్నాకర్, చెల్లెలు ప్రణవి; కొంచెం దూరంలో కుర్చీలో తల్లి.

“పొద్దుగాల మెషిన్ సీసల నీళ్లు మార్చుడు. వారానికోసారి ఫిల్టర్ కడుగుడు. ఇన్‌హేలర్ రెండు పూటలు పీల్పిచ్చుడు. పైపు మడత పడకుండ చూసుడు. ఆక్సిజన్ మెషిన్ తిప్పే నాబు రెండు లీటర్ల మీదనే ఉంచుడు. ఐదు పనులన్నా. గీ ఐదిట్ల మీకు ఏది కష్టమైంది?”

“మెల్లగ మాట్లాడు ప్రణవీ. అందరు చూస్తున్రు.”

“చూడనియ్యి. అంబులెన్సోళ్లు ఏం చెప్పిన్రు? నాబు ఆరు మీదుందని. రెండు యాడ, ఆరు యాడ?”

“మెషిన్ ఖరాబైందేమో. కిరాయిది గదా.”

“నాబు దానంతటదే తిరగదు.”

“సరే, నేనే తిప్పిననుకో.”

“అనుకో ఏంది? తిప్పినవా, లేదా?”

“తిప్పిన. ఆక్సిజన్ చూసే క్లిప్పు బాపు వేలికి పెడితే ఎనభై తొమ్మిది చూపెట్టింది. కరోనాల నువ్వే చెప్పినవ్ గదా, తొంభై నాలుగు కంటే తగ్గితే దవాఖానకు ఉరకాలని.”

“అది కరోనాకు. బాపుది ముప్పై ఏండ్ల సిగరెట్ల జబ్బు. ఆయనకు ఎనభై తొమ్మిది మంచి నంబరే. కాయితం మీద రాసి గోడకు అంటిచ్చిన.”

“కాయితం అంటిచ్చి హిమాయత్‌నగర్ హాస్టల్ల కూసున్నవ్. మన ఇంట్ల మొదటి డిగ్రీ నీదే, అది కూడ ఊపిరి జబ్బులదే. నువ్వన్నా ఇంట్ల ఉండొద్దా?”

“డ్యూటీలు ఎవరు చేస్తరు, నువ్వా? మాట మార్చకు.”

“ఆక్సిజన్ ఎక్కువైతే కూడ మనిషికి గిట్లయితదా? నాకు సమజ్ కాదు.”

“ముక్కు మూసుకో.”

“ఏంది?”

“ముక్కు, నోరు రెండు మూసుకో. నేను చెప్పేదాక తియ్యకు.”

“గీడనా? నీకేమన్నా పిచ్చి లేసిందా?”

“మూసుకో అన్నా.”

“…”

“ఇంక. ఇంక జర.”

“అబ్బ… నాతోని కాదు. పానం పోతుండె.”

“నలభై సెకన్లు గూడ కాలే. ఇప్పుడు నీ వేలికి పెట్టినా నంబర్ మంచిగనే ఉంటది. మరి ఊపిరి తియ్యమని నిన్నెవరు తన్నిన్రు? లోపల చేరిన చెడు గాలి, కార్బన్ డయాక్సైడ్. అది పెరిగితే మెదడు ఊకోదు. బాపుకు ఏండ్ల సంది అది ఎక్కువనే ఉంది, మెదడు అలవాటు పడ్డది. ఆక్సిజన్ జర తక్కువుంటే ఊపిరి తియ్యమని గంత తొందరన్నా చేస్తది. మీరు నిండ పోసిన్రు. ఆ తొందర తగ్గింది. చెడు గాలి బయటికి పోక రక్తంల పేరుకున్నది. మనిషి మత్తుల పడ్డడు.”

“మంచిగ నిద్ర పట్టిందనుకున్నం. వారం సంది ఆయాసంతోని పండరాక కూసోనే కునుకుతుండె.”

“అనుకొని దుప్పటి కప్పిన్రు.”

“ప్రణవీ, డాక్టర్ ఏమన్నడే?”

“నువ్వెందుకు లేచి వచ్చినవమ్మా? మాస్క్ పెట్టిన్రు, మెషిన్ గాలి నెడ్తది. రెండు గంటలు చూస్తరట. అప్పటికి బాపు కండ్లు తెరవకుంటే గొంతుల గొట్టం వేస్తరు.”

“నంబర్ ఎంతున్నది?”

“తొంభై.”

“తొంభయ్యేనా? పెంచమను బిడ్డా. నువ్వు చెప్తే వింటరు.”

“నేను చెప్తనమ్మా. నువ్వు పోయి కుర్చీల కూసో. పో.”

“…అన్నా, నాబు ఎన్ని గంటలకు తిప్పినవ్?”

“పదకొండుకు.”

“పదకొండుకు నువ్వు అబిడ్స్‌ల దుకాణంల ఉన్నవ్. కొత్త జిరాక్స్ మెషిన్ వచ్చిందని ఫొటో పెట్టినవ్ నాకు.”

“అయితే పన్నెండుకు.”

“అమ్మనా?”

“నేనే. డాక్టర్ అడిగినా నేనే, బాపు లేచి అడిగినా నేనే.”

“పక్కకు కూసోవెట్టుకొని పదిసార్లు చెప్పిన. పదిసార్లు తల ఊపింది. ఇప్పుడే పోయి అడుగుత.”

“అడుగు. నేనాపితే ఆగుతవా? గని కరోనాల మన తమ్ముడు అఖిలేష్ పోయిన నాడు నువ్వు ఊర్లె లేవు, నేను జ్వరంల పడున్న. ఆక్సిజన్ సిలిండర్ కోసం గన్‌ఫౌండ్రీ సంది ఖైరతాబాద్ దాక అమ్మ ఒక్కతే తిరిగింది. తెచ్చిందాంట్ల సగమే ఉండె. వాడు ‘అమ్మా, ఇంక ఇయ్యవే’ అనుకుంటనే పోయిండు. గీ మాట నీకు ఇయ్యాల్టి దాక చెప్పలే. అడిగేముందు అఖిలేష్‌ను ఒక్కసారి యాద్ చేసుకో చెల్లే.”