దుఖాన్ దారిలో సూడిదలు

"ఫోను దారి చెప్పని రోజుల్లో మీరు ఎలా తిరిగేవాళ్ళు నాయనమ్మా?" అని నేను అడిగాను. దోహాలో, అల్ హిలాల్‌లోని మా ఇంటి బాల్కనీలో, ఒక శుక్రవారం ఉదయం, ఆమె మెంతికూర వలుస్తూ కూర్చుంది. నా ప్రశ్న విని గొంతు సవరించుకొని, చేతిలో పని ఆపకుండానే మొదలుపెట్టింది. ఆమె మాటలను ఆమె చెప్పిన వరుసలోనే, నా మాటలు కలపకుండా ఇక్కడ ఉంచుతున్నాను.

*

అనగనగా ఒక ఇసక దేశం. ఆ దేశంలో పడమటికి ఒకటే తారురోడ్డు. ఆ రోడ్డు మీద ఇద్దరు తెలివైనవాళ్ళు. నువ్వు ఊఁ కొట్టినంతసేపే కథ, మానేశావంటే ఇక్కడితో సరి. ఆఁ, అలా కొట్టు.

ఆ ఇద్దరు తెలివైనవాళ్ళూ నేనూ, మీ తాతయ్యాను. చమురు ధర ఒక్కసారిగా ఎగసి, ఈ ఊళ్ళో ఎటు చూసినా పునాదులు తవ్వుతున్న రోజులు. మీ నాన్నకి రెండేళ్ళు. మీ తాతయ్యకి ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం. ఏ రోడ్డు ఎక్కడ రావాలో కాగితం మీద గీసేవారు. కారు నడపడం మాత్రం అప్పుడే నేర్చారు. లైసెన్సు వచ్చి నెల. కాదు కాదు, నెల కూడా కాలేదు, మూడు వారాలు.

రాజ్యం అని నా స్నేహితురాలు. మాది తెనాలి పక్క, వాళ్ళది రేపల్లె పక్క. బొంబాయి నుంచి ఒకే విమానంలో వచ్చాం. నా పక్క సీటు. దిగేదాకా నా చెయ్యి వదల్లేదు ఆ పిల్ల. వాళ్ళాయన ప్రకాశరావు గారు దుఖాన్ వైపు ఒక పంపు స్టేషన్‌లో మెకానిక్కు. అక్కడ ఉండేవి నాలుగే కుటుంబాలు, తెలుగువాళ్ళు వీళ్ళొక్కరే. రాజ్యానికి మొదటి కడుపు ఆరో నెలలో పోయింది. రెండోసారి ఏడో నెల వచ్చింది. వాళ్ళమ్మకి వీసా రాలేదు. నాకు ఉత్తరం రాసింది. "అక్కయ్యా, పోయినసారి నాకు ఎవరూ సూడిదలు తేలేదు. అందుకే అలా అయిందని పగలూ రాత్రీ అదే అనిపిస్తోంది. నువ్వొచ్చి గాజులు తొడుగు. లేకపోతే ఈ బిడ్డ కూడా నాకు దక్కదు" అని.

సూడిదలంటే కడుపుతో ఉన్నదానికి తొడిగే గాజులూ, ఒళ్ళో పెట్టే చలిమిడీ. పిచ్చి నమ్మకం అంటావు. అను. నేనూ మనసులో అన్నాను. కానీ ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల, చుట్టూ ఇసక, రోజంతా ఆ పంపు చప్పుడు వింటూ ఒక్కతే కూర్చుంటే, నమ్మకాలు కాక ఇంకేం తోడుంటాయి చెప్పు?

ఉత్తరం చేరేసరికే పది రోజులు ఆలస్యమైంది. సెలవంటే శుక్రవారమే. ఆ శుక్రవారం తప్పితే వచ్చే శుక్రవారానికి ఎనిమిదో నెల పడుతుంది, ఎనిమిదిలో సూడిదలు ఇవ్వరు. అదీ పొద్దు ఉండగానే, దీపాల వేళ దాటకుండా ఇవ్వాలి. అక్కడ ఫోను లేదు. అంచేత ఆ రోజే వెళ్ళాలి, వెలుగు ఉండగానే వెళ్ళాలి. అర్థమైందిగా?

గాజులు మా అమ్మ పంపినవి ఇంట్లో ఉన్నాయి, ఎరుపూ ఆకుపచ్చా, మూడు సైజుల్లో, ఏడు డజన్లు. చలిమిడి చేశాను. బియ్యప్పిండి ఇక్కడ దొరక్క నేనే నానబోసి దంచుకున్నాను. బెల్లం అయితే సూక్‌లో, అంటే ఇక్కడి బజారులో, ఒక గుజరాతీ కొట్టువాడి దగ్గరే ఉండేది, వాడు బంగారం తూచినట్టు తూచేవాడు. మీ నాన్నని పక్కింటి మలబారు ఆవిడ దగ్గర వదిలి, ఎనిమిదింటికల్లా బయలుదేరాం.

దారి గుర్తులు ఉత్తరంలోనే రాసింది రాజ్యం. పడమరకి సూటిగా రండి, షహానియా దాటండి, ఎడమ పక్క ఆకాశాన్నంటే ఇనప బురుజు కనబడుతుంది, అక్కడే ఎడమకి మట్టిదారి, దాని చివర మా క్వార్టర్లు. అంతే. ఇనప బురుజంటే రిగ్గు, నూనె బావి తవ్వేది. తాటిచెట్టుకి మూడింతలు ఎత్తు ఉంటుంది. అంత పెద్ద గుర్తు ఉండగా ఎవరైనా దారి తప్పుతారా?

తప్పు రిగ్గుది కాదులే, ముందు నాదే. దోహాలో నాలుగు గోడల మధ్య ఉన్నదాన్నా, రోడ్డెక్కేసరికి నాకు పండగలా ఉంది. ప్రతిదీ దిగి చూడాలి. మొదట ఒక మలబారు చాయ్ దుకాణం. రేకుల కప్పు, నూనె పీపాలే కుర్చీలు. గోడకి పచ్చరంగు వేసి దాని మీద కొబ్బరిచెట్లు తనే బొమ్మ గీసుకున్నాడు ఆ దుకాణం నడిపే కోయా. పాతిక దిర్హాములకి, అంటే పావు రియాలుకి, గ్లాసు నిండా చాయ్, ఏలకులు దంచి వేసి, పాలడబ్బా వంచి. అట్టపెట్టెలు నమిలే మేకలు మా చుట్టూ చేరాయి. ఒక మేక మీ తాతయ్య చేతిలో మడిచిన పటం సగం తినేసింది. "నా పటం!" అని ఆయన, "ఫర్వాలేదు సాబ్, పటంలో ఉన్నదేదీ ఇక్కడ లేదు" అని కోయా. నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

తరవాత షహానియా అవతల ఒక తోట. డీజిలు ఇంజను పెట్టి నేలలోంచి నీళ్ళు తోడి పచ్చగా పెంచుతున్నాడు ఒక బలూచీ ముసలాయన. అంత ఇసకలో ఆ ఆకుపచ్చ చూసి నాకు కళ్ళు చెమర్చాయి. పొరుగూరి మనిషిని చూసినట్టే. దిగి కాలవ గట్టు మీద కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాను. "అన్నపూర్ణా, పొద్దు" అంటారు మీ తాతయ్య. "ఇంకొక్క నిమిషమండీ" అంటాను నేను. ఆ ముసలాయన జర్జీర్ అనే ఆకు ఒక కట్ట కోసి ఇచ్చాడు, డబ్బు ఇస్తే తీసుకోలేదు, "బేటీ" అన్నాడు. అలా అలా మధ్యాహ్నం అయిపోయింది.

అప్పుడు కనబడింది బురుజు. ఎడమ పక్కే. మట్టిదారీ ఎడమకే. తిరిగాం. వెళ్తున్నాం, వెళ్తున్నాం, క్వార్టర్లు రావు. దారి తిన్నగా రిగ్గు కాళ్ళ దగ్గరికే పోయి ఆగింది. కారు ఇసకలో దిగబడిపోయింది. చక్రం తిరిగేకొద్దీ కిందికే పోతోంది. ఆ కుదుపుకి నా ఒళ్ళో గాజుల పెట్టె ఎగిరిపడింది. లోపల ఏదో చిట్లిన చప్పుడు. నేను తెరవలేదు. తెరిచి చూసే ధైర్యం లేకపోయింది.

రిగ్గు దగ్గర ఆ పూట డ్యూటీ లేనివాళ్ళు బట్టలు ఉతుక్కుంటున్నారు. నేను కోపం పట్టలేక, "పటాలు గీసే మనిషికి ఒక్క దారి తెలీదు!" అన్నాను తెలుగులో, గట్టిగా. వెంటనే వెనక నుంచి ఒక గొంతు. "గీడ తెలుగు మాట ఎవలదుల్లా?"

వాళ్ళు కరీంనగర్ వైపు మనుషులు, ఐదుగురు. ముందు నడిచి వచ్చినవాడి పేరు ఓదెలు. నేను ఉత్తరం చూపించి, ఇదిగో ఈ రిగ్గు దగ్గర తిరగమన్నారు అన్నాను. ఓదెలు నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో అక్కా! రిగ్గును గుర్తు పెట్టుకుంటరా ఎవలన్న? తవ్వుడు అయిపోతె లేపుకపోతరు గదా. ఇది పోయిన వారం గా అవతల ఉండె, గిప్పుడు గీడికొచ్చింది. రేపు యాడికి పోతదో మాకే ఎర్కలేదు."

మీ తాతయ్య నా వంక చూశారు. నేను ఇసక వంక చూశాను.

నేను ఎందుకు బయలుదేరానో, పొద్దు గూకేలోగా ఎందుకు చేరాలో చెప్పాను. ఓదెలు నవ్వడం ఆపేశాడు. వెనక్కి తిరిగి, "యల్లా, పట్టుర్రి" అన్నాడు. ఐదుగురూ భుజాలు పెట్టి కారుని ఎత్తినంత పని చేశారు. మళ్ళీ దిగబడితే అక్కకి దిక్కెవరని, ఫోర్‌మన్‌ని అడిగి, వాళ్ళ పికప్ బండిలో మాకు ముందు దారి చూపిస్తూ ఐదుగురూ వచ్చారు.

మళ్ళీ తారురోడ్డెక్కి పడమరకి పోతున్నాం. ఎండ పసుపు రంగుకి తిరిగింది. అసలు మట్టిదారి మొదట్లో ఒక రేగుచెట్టు ఉంది. ఈ దేశం వాళ్ళు సిద్ర్ అంటారు, మన రేగే. ఆ చెట్టు కింద, నేల మీద, కడుపు పట్టుకుని కూర్చుని ఉంది రాజ్యం. పొద్దున్నించీ మమ్మల్ని చూసి చూసి, ఇక ఇంట్లో ఉండలేక వాళ్ళాయనని తీసుకుని స్టేషన్ జీపులో రోడ్డు మీదికి వచ్చేసింది. నన్ను చూసి లేచి నిలబడింది. "ఎండ పోతోంది అక్కయ్యా" అంది. ప్రకాశరావు గారు నీళ్ళసీసా పట్టుకుని పక్కన నిలబడి ఉన్నారు, పాపం, ఆ మనిషి ఏం చెయ్యగలడు?

క్వార్టర్లకి ఇంకా ముప్పావు గంట దారి. అంతసేపు పొద్దు ఆగదు. "ఇక్కడే ఇస్తాను" అన్నాను.

"రోడ్డు మీదా?"

"రోడ్డయితేనేం? తూర్పుకి తిరిగి కూర్చో."

మీ తాతయ్య తన శాలువా తీసి నేల మీద పరిచారు. పెట్టె తెరిచాను. నాలుగు గాజులు చిట్లి ఉన్నాయి. రాజ్యం చూడకుండా గుప్పెట్లో పట్టి నా కాళ్ళ కింద ఇసకలో తొక్కేశాను. ఇది ఈరోజుదాకా ఎవరికీ చెప్పలేదు, మీ తాతయ్యకి కూడా. నీకే చెబుతున్నాను.

బొట్టు పెట్టాను, పసుపు రాశాను. రాజ్యం వెక్కుతూ, "ఐదుగురు ముత్తయిదువలు ఉండాలి కదా అక్కయ్యా, నువ్వొక్కదానివే" అంది. నిజమే. దూరంగా నిలబడ్డ ఓదెలు తలపాగా తీసి చేతిలో పట్టుకుని ముందుకొచ్చాడు.

"అక్కా, తప్పయితే తిట్టు. మా ఆడోళ్ళు ఈడ లేరు గని, ఆళ్ళ పేర్లు జెప్పి మేం అచ్చింతలు ఏస్తె నడువదా?"

నడుస్తుందో నడవదో ఏ పంతులు చెప్పాలి అక్కడ? "రండి" అన్నాను. "పేరు చెప్పి వెయ్యండి."

ఇక చూడు వాళ్ళ సిగ్గు. రిగ్గు ఎక్కి దిగే మనుషులు! "మా ఇంటామె" అంటాడు ఒకడు. "ఇంటామెకి పేరు లేదా నాయనా?" అన్నాను. తల వంచుకుని, "రాజవ్వ" అన్నాడు. ఓదెలుది లచ్చవ్వ. తరవాత పోశవ్వ. మల్లవ్వ. ఒక్కొక్క పేరూ చెప్పి, నూనె మరకలు పోని ఆ చేతులతో రాజ్యం తల మీద అక్షింతలు వేశారు. ఐదోవాడు మరీ చిన్నవాడు, గట్టిగా చూస్తే ఇరవై ఉండవు. "కనకవ్వ" అన్నాడు. దాంతో నేనూ కలిసి ఆరుగురం అయ్యాం. ఆ పేర్లు వింటూ వింటూనే రాజ్యం ఏడుపు ఆగింది.

రెండు చేతులకీ గాజులు తొడిగాను. చలిమిడి ఒళ్ళో పెట్టాను. వచ్చిన పేరంటాళ్ళకి గాజులు ఇవ్వాలి, ఆచారం. మరి వీళ్ళకీ ఇవ్వాలిగా, పెళ్ళాల తరఫున వచ్చారాయె. "సైజు?" అన్నాను. ఓదెలు తన వేళ్ళు మొగ్గలా ముడిచి, "గింత ఉంటది అక్కా" అని చూపించాడు. మిగతావాళ్ళూ అలాగే వేళ్ళు ముడిచి చూపించి తీసుకున్నారు. చిన్నవాడు మాత్రం చెయ్యి ఎత్తి, దించేశాడు. "నాకు ఎర్కలేదక్కా. లగ్గమైన పది దినాలకే దుబాయ్ అని ఎక్కిచ్చిన్రు" అన్నాడు. నేను మూడు సైజుల్లోనూ ఒక్కో జత ఇచ్చాను. ఏదో ఒకటి పడుతుందిలే అన్నాను. ఆర్నెల్ల తరవాత దోహా సూక్‌లో నన్ను చూసి పరిగెత్తుకొచ్చాడు వాడు, సలాం లేదు, నమస్కారం లేదు, "నడిమిదే అక్కా, నడిమిదే పట్టిందట!" అని.

ఏమంటున్నానూ... ఆఁ. పొద్దు అప్పుడు దిగింది. మేం లేచేసరికి ఇంకా కాస్త ఎరుపు ఉంది. తరవాత ఎన్నో ఏళ్ళు మన తెలుగువాళ్ళు అటు వెళ్ళేవాళ్ళకి, గాజుల చెట్టు దగ్గర ఎడమకి తిరగమనే చెప్పేవాళ్ళు. ఎవరు పెట్టారో ఆ పేరు, నేను కాదు.

నొప్పులు వస్తే రాజ్యాన్ని దోహా ఆసుపత్రికి తెచ్చారు. నన్ను లోపలికి రానివ్వలేదు. ప్రకాశరావు గారూ నేనూ బయట బల్ల మీద. ఆయన గోడకేసి, నేను నేలకేసి. ఎంతసేపో తెలీదు. ఎవరూ వచ్చి ఏమీ చెప్పరు. పోయినసారి కూడా ఇలాగే ఎవరూ ఏమీ చెప్పలేదు అన్నారు ఆయన.

నీకు తెలుసుగా, సూడిదల గాజులు పురుడు పోసిన మంత్రసానికి ఇస్తారు. బిడ్డ క్షేమంగా చేతికొచ్చాకే ఇస్తారు, ముందు తియ్యరు. అక్కడ మంత్రసాని ఎవరు? ఈజిప్టు నర్సు, తెల్లగౌను, భాష రాదు. అట్లా కూర్చుని ఉండగా, ఆ పొడుగాటి వరండా చివర, తలుపు అవతల, ఎవరో నడిచి వస్తున్న చప్పుడు. బూట్ల చప్పుడు కాదు, బూట్ల చప్పుడుతో పాటు... గలగలమని... అడుగు అడుగుకీ... తలుపు ఇంకా తెరుచుకోనేలేదు. నేను ప్రకాశరావు గారి భుజం పట్టుకుని ఊపేశాను. "లేవండి," అన్నాను, "లేవండి, మీరు తండ్రయ్యారు!"

*

అక్కడ ఆమె ఆగింది. మెంతికూర అంతా ఎప్పుడో వలవడం అయిపోయింది. పచ్చి వాసన ఉన్న చేతిని నా తల మీద పెట్టి, "నువ్వు ఏ దారిన పోయినా నీకు మంచి మనుషులు ఎదురు రావాలి తల్లీ" అంది.

ఈ ముచ్చట నాకు మొట్టమొదట చెప్పినది మా నాయనమ్మ అన్నపూర్ణమ్మ.