రెండే గోలీలున్నయ్

హలో… ఆ అన్నా, నేనే, పుష్పను. జర మెల్లగ మాట్లాడుత, ఏమనుకోకు. నోరు ఎక్కువ తెరవరాదు…

ఎవలన్నరు?… మా ఇంటెనక కృష్ణమ్మనా? నీ బావ నన్ను కొట్టి, గొర్లు తోలుకొని హాలియా దిక్కు పోయిండన్నదా!

నవ్విపియ్యకన్నా. నవ్వితే నొప్పి లేస్తది.

… కొంగు కప్పుకొని తిరుగుతున్నది నిజమే. దెబ్బలు దాసుకునేటందుకు కాదు. ఎడమ చెంపకు గాలి తగిలితే ఓర్వలేను… ఇంత ఎండల్ల ఫ్యాను బంద్ పెట్టుకొని పండుకుంటున్న.

లేదు… కొట్టలే అంటున్న గద. పొట్టేలు కుమ్మితేనే ‘పోనియ్ తియ్’ అనేటి మనిషి, నన్నేం కొడ్తడు? పోయేనాడు గటుక మెత్తగ పిసికి, నా ముందల పెట్టి పోయిండు. నమలలేనని.

పంచాయితీ వద్దు… ఎవలనూ తోల్కరాకు… అన్నా, నేను చెప్పేది జర—

ఆగు.

… ఆగు, ఆగు…

…

ఆ. పోయింది. గిట్లనే వస్తది. దవడకు కరెంటు తీగె పెట్టినట్టు. ఇరవై లెక్కపెట్టేదాక ఉంటది, ఎనుక ఏమీ లేనట్టే. గందుకే ఎవలూ నమ్మరు…

నరమన్నా. మొకానికి వచ్చే నరమట. పోయిన నెల పెద్ద దవాఖానల చెప్పిండ్రు. గోలీలు రాసిండ్రు… ఆ, పనిచేస్తున్నయ్. దినాం ముప్పైసార్లు లేచేది, ఇప్పుడు నాలుగైదే. తలకాయ తిరుగుతది, తూలుతున్న… తాగి తూలుతున్నదని గూడ అనలేదా కృష్ణమ్మ? నయం.

ఎన్నొద్దులేసుకోవాలె అంటే… ఉన్నన్నొద్దులు.

గదే చెప్తున్న. రెండే గోలీలున్నయ్. రేపటితోని ఒడుస్తయ్. నడుమ ఆపొద్దన్నరు… మా ఊరి షాపుల దొరకయ్. నువ్వెట్లాగూ దినాం నల్లగొండ పోతవు గద. ఆడ జనరిక్ షాపుల అగ్గువకు ఇస్తరు. చీటి ఫోటో పంపుత. ఒక్క నెలకు తెచ్చియ్యి… నేను పోలేనన్నా. బస్సుల కిటికీ గాలి… వశం కాదు.

ఏంది?

… మల్ల నీ దోస్తు దగ్గరికా? గా పండ్ల డాక్టరు దగ్గరికా?

ఇంకోటి పీకితే పోతదంటడా… బతుకంత గోలీలు మింగుడెందుకు, ఒక్కనాటితో ఒడుస్తదంటడా…

పోయినేడు గట్లనే అన్నడు. నువ్వే పక్కన నిలబడ్డవు. నేను కదలకుంట నెత్తి పట్టుకున్నది నువ్వే. నాలుగు తీసిండు… పోయిందా నొప్పి?

… నువ్వు మంచికే తోల్కపోయినవు. నేను కాదన్ననా? పైసలు గూడ నువ్వే కట్టినవు.

…

మిగిలినయన్న ఉండనియ్యన్నా. పెద్ద దవాఖానల, పండ్లు పీకకముందు తీసిన ఎక్స్‌రే చూపెట్టిన…

ఏమన్నరా? ఏమంటరు… నా గోలీల ముచ్చట చెప్పు. తెస్తవా?

…

అడగకన్నా. ఎందుకు అడుగుతవు…

…

పుచ్చలే. నాలుగుకు నాలుగూ మంచి పండ్లే.

…

హలో…

అన్నా?…