ఆదెమ్మ పాటల మిషను

ఎలమంద లేడూ, మైకుసెట్టు ఎలమంద, పెళ్లిళ్లకీ తిరనాళ్లకీ బాక్సులు కట్టేవాడు, వాడి మేనత్తే ఆదెమ్మ. తల్లి పోతే ఆ అత్తే పెంచింది వాణ్ణి. చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లైనా పసుపు దంచేకాడ ఆదెమ్మ పాట ఎత్తుకుంటేగానీ రోకలి లేవదనుకో. అట్టాంటి మనిషికి గొంతు కాడ గడ్డ లేచిందంట. గుంటూరు తీసుకుపోతే డాక్టరు చూసి, ప్రాణానికేం భయం లేదు గానీ ఆపరేషను చెయ్యాలమ్మా, ఆ తర్వాత గొంతు ఎట్టా ఉండిద్దో మాత్రం చెప్పలేను, మారితే మారొచ్చు అన్నాడంట. వచ్చే వారం కాక పై గురువారం రమ్మన్నాడు. ఎలమందేమో బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని దారి పొడుగునా కళ్లు తుడుచుకుంటానే ఉన్నాడంట. మనిషి దక్కుద్ది సరే, అత్త పాట పోతే ఎట్టారా దేవుడా అని వాడి దిగులు.

సెల్లులో పట్టుకోవచ్చుగా అంటారు మీరు. పట్టాడమ్మా! రోకలి దెబ్బలు దబ్బు దబ్బుమని బాగానే వినపడినయ్యి, అత్త గొంతు మాత్రం బావిలోంచి వచ్చినట్టుందంట. ఇట్టా కాదని, ఇంట్లోనే పాటలు పట్టే కంప్యూటరు తయారు చేద్దామని కూర్చున్నాడు. కొత్తది కొనే తాహతు వాడికెక్కడిది? నరసరావుపేటలో ఏదో ఆఫీసోళ్లు తీసేసిన పాతది చవగ్గా దొరికితే మోపెడ్ వెనక కట్టుకొచ్చాడు. దాంట్లో గిర్రున తిరిగే డిస్కు పీకేసి చప్పుడు చెయ్యని డిస్కు పెట్టాడంట, మెమరీ ఇంకో ముక్క గుచ్చాడంట. మైకు వైరు తిన్నగా కంప్యూటరుకి గుచ్చితే గుయ్యిమంటదంట, అందుకని మధ్యలో చిన్న సౌండు పెట్టె ఒకటి. రికార్డు చేసే సాఫ్ట్‌వేరు ఊరికే వచ్చేదే ఎక్కించాడు. ఎన్ని ఆంప్లిఫయర్లు విప్పి బిగించిన చెయ్యి, దానికి ఇదో లెక్కా?

ఏమైందంటే, ఆపరేషను ఇంకో నాలుగు రోజులుందనగా ఆదివారం పొద్దున అత్తని కూర్చోబెట్టి పాడత్తా అంటే ఆవిడ నోరు తెరవదే! "చేతిలో రోకలి లేకుండా పాట ఎట్టా వచ్చిద్దిరా?" అంటది. రోకలిస్తే మైకు అదురుద్ది. ఆఖరికి రోటి కింద నాలుగు గోతాలు మడిచేసి, మైకుని వాసానికి పాత పంచెగుడ్డతో వేలాడదీశాడు. ఇంక ఎత్తుకుంది చూడు ఆదెమ్మ! పాట సగానికొచ్చింది, టక్కున మిషను ఆగిపోయింది. మళ్లీ వేశాడు, మళ్లీ పాడింది, మళ్లీ టక్కు. "నా పాట దానికి నచ్చలేదేమోలేరా" అని నవ్విందంట ఆవిడ. వాడికి నవ్వు రాలా. సోమవారం మైకు వైర్లు మార్చాడు. మంగళవారం పైమూత ఒక్కటే తీసి, మెమరీ ముక్కలు పీకి, తుడిచి, మళ్లీ గుచ్చాడు. కరెంటోళ్లని తిట్టాడు, నరసరావుపేట షాపోణ్ణి ఫోనులో నానా మాటలన్నాడు. ఎన్ని చేసినా సగం పాటకి టక్కు. బుధవారం వచ్చేసింది, తెల్లారితే గుంటూరు పోవాలి. "నా వల్ల కాలేదత్తా" అని ఆ మిషను మీద చెయ్యేసి కూలబడ్డాడంట. వేసిన చెయ్యి చురుక్కుమంది! పెనంలా కాలిపోతంది. ఇంత వేడేందిరా అని దాన్ని గోడ వైపు నుంచి ఇటు తిప్పి చూశాడు. గాలి పోయే బొక్కలుంటయ్యే, వెనకా పక్కనా, అయ్యన్నీ పచ్చగా మూసుకుపోయి ఉన్నయ్యి!

"అత్తా, ఇదేంది?" అన్నాడు. "పసుపురా" అంది ఆవిడ. "కొత్త వస్తువు ఇంటికొస్తే పసుపు రాయకుండా ఉంచుతామా? రోజూ గడపకి రాసేటప్పుడే దానికీ రాస్తన్నా. ఆ బొక్కల్లోకి చీమలు పోతయ్యని ఇంకాస్త మెత్తాలే." వాణ్ణేం అనగలం చెప్పు, ముందు వైపు పసుపూ బొట్టూ ఈ నాలుగు రోజులూ వాడూ చూస్తానే ఉన్నాడు. దసరాకి వాడి బాక్సులన్నిటికీ వాడు పెట్టేది అదేగా! ఆ షాపోడైతే చూడంగానే పట్టుకునేవాడు, మనోడికి మాత్రం అనుమానమే రాలా. నవ్వుతావేందే రత్తాలూ, నీ గ్రైండరుకి లేవా బొట్లు? పళ్లు తోముకునే బ్రష్షు తీసుకుని కూర్చుని ఒక్కో బొక్కా గోకాడు. మిషను వేశాడు. ఆదెమ్మ ఒక పాట పాడింది, ఆగలా. రెండోది పాడింది, ఆగలా. పొద్దుగూకేలోపు పదకొండు పాటలు పాడింది మహాతల్లి, అన్నీ అద్దంలో చూసినట్టు పడినయ్యి. ఎలమంద గుండెల మీద బండ దించినట్టయిందనుకో.

గురువారం ఆపరేషను బాగానే అయింది. పది రోజులు పెదవి కదపొద్దన్నారంట. ఆ పది రోజులూ వాడు పొద్దునా సాయంత్రం ఆ పాటలు పెట్టి వినిపించేవాడు. ఆవిడ చెయ్యి ఊపుద్ది, తల అడ్డంగా తిప్పుద్ది, కళ్లెర్ర చేస్తది. పాపం తన గొంతు తను విని తట్టుకోలేకపోతందని వాడు చాటుకి పోయి ఏడ్చేవాడంట. పదకొండో రోజు డాక్టరు, ఏదీ మాట్లాడమ్మా అన్నాడు. ఆదెమ్మ గొంతు సవరించుకుంది. కాస్త బొంగురుపోయింది గానీ అదే గొంతు, ఏం మారలా. ఎలమంద వైపు తిరిగి ఏమందో తెలుసా? "ఒరే సన్నాసీ, ఆ మూడో పాటలో పెళ్లికూతురి మేనమామ పెళ్లాం పేరు చెప్పకుండా వదిలేశా. పది రోజుల్నుంచి చెయ్యి ఊపుతుంటే ఆపవేందిరా? అది చెరిపేసి మళ్లీ పట్టు!" డాక్టరు ముందరే అత్త కాళ్లు పట్టుకుని వాడు ఏడుపూ నవ్వూ కలిపి ఏడ్చాడంట.

అదమ్మా సంగతి. ఆ మూడో పాట ఇప్పటికి ఐదుసార్లు పట్టారంట, ఆవిడకి ఇంకా తప్పులు దొరుకుతానే ఉన్నయ్యి. ఊళ్లోవాళ్లు ఎలమందని చూసి అయ్యో పాపం అంటారు గానీ, నన్నడిగితే వాడంత నిశ్చింతగా ఉన్నోడు ఈ ఊళ్లో ఇంకొకడు లేడు.