రెండో వరుస అంబలి

తాండూరు దగ్గర యాలాల, 1963. బడి వెనక పొయ్యి ముందర ఇద్దరు మాట్లాడుకుంటున్నారు: పిల్లలకు జొన్న అంబలి కాచే బీరమ్మ, పట్నం డాక్టరు దగ్గర పనిచేసే కాంపౌండరు ఏసుదాసు.

“కాదు బీరమ్మా, పిల్లల వరుస మార్చరాదు. డాక్టరు సాబు ఒప్పుకోడు.”

“జర చూడు సారూ. నా మనుమరాలు భాగమ్మ ధారూర్ నుంచి వచ్చి రెండు నెల్లు గాలే. మూతి పగిలింది. నాలిక పుండైంది. మెడ సుట్టూ తోలు నల్లగైతుంది.”

“ఎండకు గట్లనే అయితది.”

“మొదటి వరుసోళ్లకు కాలే గదా? వాళ్ల మీద ఎండ పడదా?”

“నీకు ఎర్కనే గదా. వాళ్లకు పులిసిన అంబలి, భాగమ్మ ఉన్న రెండో వరుసకు పులవనిది. జొన్నలు అవ్వే. పులిస్తే కంటికి కానరాని పురుగులు పుట్టి, దాంట్ల విటమిన్లు పెంచుతయంట. అది నిజమని చూపెట్టాలె అంటె...”

“నా పిల్ల మూతి పగలాల్నా?”

“ఎవలదో ఒకలది పగలాలె.”

“పులవబెట్టుడు సాబు నేర్పిండా మాకు? ఆ పులిసిన నీళ్లు నా కుండలకెళ్లే తీస్కపాయె!”

“గందుకే గీ కొలువు నీకు దొరికె.”

“ఇంట్లనన్న తాపుతుంటి. తాపొద్దని మీరే ఒట్టు పెట్టిస్తిరి.”

“తాపితే రెండు వరుసలు ఒక్కటే అయితయి. ఇగ సాబు చూసుడేముంటది?”

“కాళ్లు మొక్కుత సారూ. ఒక్క పిల్ల.”

“ఒక్కదాన్ని తీస్తే ఇరవై మందిల ఒకలు తక్కువైతరు. నా నౌకరి పోతది.”

“ఇరవై ఉంటే చాలునా?”

“ఏమంటున్నవ్?”

“అడుగుతున్న. ఇరవై ఉంటే చాలునా?”

“... అటుకెళ్లి ఒకలు గిటు రావాలె. గదే ఈడు, ఆడపిల్ల. ఎవల్ని తెమ్మంటవ్? చంద్రవ్వ బిడ్డనా?”

“వద్దొద్దు. చంద్రవ్వది మా పక్కిల్లే. ఊకోదు.”

“కిష్టప్ప బిడ్డ?”

“దానికి నలుగురన్నలు. నీ బొక్కలు ఇరుగుతయి.”

“మరి చెప్పు. నేను రాయాలె.”

“ఆ... ఖుర్షీదా.”

“ఆ పిల్లనా? వచ్చినప్పుడు లేసి నిలబడలేకుండె. మొన్నమొన్ననే కోలుకుంది గదా!”

“తల్లి లేదు, తండ్రి లేడు. అడిగేటోళ్లు లేరు. రాయి.”

“నిన్ను సొంత అమ్మమ్మ లెక్క నానీ, నానీ అనుకుంట తిరుగుతది.”

“రాయమన్న గదా సారూ.”

“రాసిన. రేపటి సంది దాని గిన్నెల పులవనిది నువ్వే పొయ్యాలె. చెయ్యి వణికిందనుకో, సాబు పసిగడ్తడు.”

“భాగమ్మ రాకముందు సంది రెండో వరుస పిల్లలందరికి పులవనిదే పోస్తున్న. ఎన్నడన్న వణికిందా సారూ?”