వెంకట్రాం సారు ఎందుకు రాలేదంటే

మళ్ల మొకం గటు తిప్పుకుంటివి! గీ మజ్జిగల విషం కలుపుకొస్తనా హీర్యా? పెదవులు చూసుకున్నవా, ఎట్ల పగిలినయో? వారం దినాలాయె, వట్టి నీళ్ల మీదనే ఉంటివి. నీ పెండ్లాం రామి ఆడ కూసోని నా దిక్కు చూస్తుంటే నిలువలేకపోతున్న. నీకేమన్న అయితే దానికి నేనేం జవాబు చెప్పాలె?

లెవ్వకు. పండుకునే ఇను. మిగతావాళ్లను జర దూరం పొమ్మన్న.

ఏంది? దొరసాని అంటివా? పదిహేనేండ్ల సంది ఊర్మిళక్కా అని పిలిచినోనివి, ఇయ్యాల దొరసానినైననా!

సరే, అను. మిల్లుకు తాళమేసి రెండు నెలలాయె. నాలుగువందల ఇండ్లల్ల పొయ్యి సరిగ్గ వెలుగుత లేదు. సారు మేడ దిగి వచ్చి మాట్లాడేదాక ముద్ద ముట్టనని నువ్వు గేటు ముందట పండుకుంటివి. మనిషి మారిండు, మదమెక్కింది... గిదే కదా మీరంత అనుకునేది? నేను కిటికీల నుంచి అన్ని ఇంటనే ఉన్న.

మారే మనిషా ఆయన? నువ్వే చెప్పు!

బచ్చన్నపేటల వందెకరాల ఇంట్ల పుట్టిండు. కాలు మీద కాలేసుకోని బతకచ్చు. ఊకున్నడా? పత్తి మన దగ్గర పండుతది, బట్ట బొంబాయి నుంచి రావాల్నా అనుకుంట జనగామల నాలుగు మిషన్లు పెట్టిండు. నన్ను పెండ్లి చేసుకున్న కొత్తల ఆయన తల నిండ దూదే. అన్నం తింటుంటే పళ్లెంల రాలేది. నేను నవ్వేదాన్ని.

ఆ తర్వాత నూలు మిషన్లు వచ్చినయి, మగ్గాలు వచ్చినయి. మానుకోట అవుతలి తండాలకు తానే పోయి మిమ్ముల తోలుకొచ్చిండు. "వాళ్లకు తెలుగే సరిగ్గ రాదు, ఏం పనిచేస్తరన్నా?" అని మా మరిది సంజీవ ఎక్కిరిస్తే, "దారానికి బాస ఏందిరా?" అన్నడు. ఆయనే మీ లంబాడి మాట నేర్చుకున్నడు. తప్పులు మాట్లాడితే మీరు నవ్వేటోళ్లు, యాదికున్నదా?

అరవై తొమ్మిది? గదన్న యాదికున్నదా?

తెలంగాణ కావాలని రైళ్లు బందు, బడులు బందు. పోలీసోళ్లు తరుముతుంటే తొమ్మిదిమంది కాలేజీ పోరగాండ్లు మిల్లుల జొరబడ్డరు. వాళ్లను పత్తి కుప్పల్ల దాసింది నువ్వే. ఆయన గేటుకు అడ్డం నిలవడ్డడు. "నా మిల్లుల నా పనోళ్లు తప్ప ఎవ్వరు లేరు" అన్నడు. లాఠీ లేసింది. ఆయన తల మీద పడేది నువ్వు చెయ్యి అడ్డం పెడితివి. ఎముక ఇరిగిన సప్పుడు ఇంట్లకు ఇనవడ్డది! జీపుల ఏసుకోని వరంగల్ దవాఖానకు తోలుకపోయింది ఎవరు? నాలుగు దినాలు నీ మంచం పక్కన నేల మీద పండుకున్నది ఎవరు? తలకాయన్న ఊపు.

ఆయన చెల్లె అరుణ చిట్యాల కోడలు. నొప్పులు మొదలైతే ఎడ్లబండిల పరకాలకు తీస్కపోతుండ్రి, తొవ్వలనే పానం ఇడిసింది. పెద్దకర్మ అయినంక ఈయన చిట్యాల పోయి, మూడు నెలలు ఆడనే ఉండి కాన్పుల దవాఖాన కట్టించిండు. పుట్టిన ప్రతి బిడ్డకు మన మిల్లుల నేసిన మెత్తటి బట్ట. రామి చిట్యాల దగ్గర్ల ఘనపూర్ల తల్లిగారింటికి పోయినప్పుడు రెండు కాన్పులు ఆ దవాఖానలనే కాలేదా? బయట బండ మీద ఆయన పేరు రాపిద్దామంటే, వద్దని చెల్లె పేరు రాపిచ్చిండు.

గసొంటి మనిషి నీ ముందటికి ఎందుకు రాడు?

జర దగ్గరికి జరుగు. గట్టిగ చెప్పలేను.

రాలేడు హీర్యా. రాలేడు.

మిషన్లు కొననీకి బొంబాయి పోయిండని ఆషాఢంల చెప్పిన కదా? అబద్ధం. గడ్డం గీసుకుంట గీసుకుంట అద్దం ముందట కూలిపడ్డడు. హైదరాబాద్ దవాఖానల నెల దినాలున్నం. కుడిపక్క మొత్తం పడిపోయింది. మాట పోయింది. కారుకు తెరలు కట్టి తెచ్చి పైగదిల పండవెట్టిన, బొంబాయికెంచి వచ్చిండని మీకు చెప్పిన. నా పేరు పిలువబోతడు, నోట్లకెంచి వట్టి గాలి వస్తది.

ఎందుకు దాసినవంటవా? హన్మకొండల ఉన్న సంజీవకు తెలిస్తే ఊకుంటడా? మిషన్లు పీకి అమ్ముతడు, జాగ ముక్కలు చేస్తడు. అందుకే దాసిన. ఆయన సంతకం నేనే చేసుకుంట వచ్చిన. కరెంటు లేదు, పత్తి దొరుకుత లేదు, పదిహేను దినాలు బందు పెడదామని మేనేజరు కాయితం తెచ్చిండు. దాని మీద గూడ నేనే చేసిన. పదిహేను దినాలు రెండు నెలలాయె, సారే వచ్చి మాట్లాడాలె అని మీరు పట్టుబడితిరి. సారును ఏడికెంచి తేను?

ఏడువకు. జర ఆగు. అసలుది ఇంక చెప్పనే లేదు.

నువ్వు పండుకున్న మూడో దినం నీ గొంతు పైకి ఇనవడ్డది. ఆయన ఎడమ చెయ్యి మంచానికేసి కొట్టుకున్నడు. ఎడమ చేతితోటి రాయించుమని డాక్టరు చెప్తే పలక తెచ్చిపెట్టిన. గా పలక చేతికిచ్చిన. చెమటలు కారంగ శానసేపు రాసిండు. వంకరటింకర అక్షరాలు. "గేటు తియ్యి. హీర్యాను పిలువు."

నేను కొంగుతోటి తుడిచేసిన. ఆయన చూస్తుండంగనే.

మరిదికి భయపడి చేసిన అని చెప్పుకున్న, నాకు నేనే. గది నిజం కాదు హీర్యా. ముప్పై ఏండ్లు వచ్చినోళ్లకు పోయినోళ్లకు చాయ్ అందిచ్చిన. నువ్వేమంటవని ఒక్కడు అడగలే. ఇంత మంచోడు, ఆయన గూడ అడగలే. గీ నాలుగు నెలల సంది మేనేజరు నన్ను చూసి లేసి నిలవడ్తున్నడు. ఏం చేద్దామమ్మా అంటున్నడు. గది నాకు రుచి తగిలింది. ఆయన కిందికి దిగితే మళ్ల చాయ్ గిన్నెనే కదా అనుకున్న. నువ్వు ఈడ ఎండుకపోతుంటే నేను పైన గిట్ల అనుకున్న!

తెల్లారి మళ్ల రాసిండు. మళ్ల తుడిచిన. ఇయ్యాల పొద్దుగాల పలక ఇస్తే, చెయ్యి ముడుసుకున్నడు.

ఇగో, గేటు తాళంచెయ్యి. లే. నా భుజం పట్టుకో...

వద్దా? నాది వద్దా?

సరే. రామీ, నువ్వు రా, పట్టుకో. మెట్లు శాన ఉన్నయి, నిమ్మలంగ ఎక్కుండ్రి. నేను ఈడనే కూసుంట. నేనే చేసిన అని ఆయనకు చెప్పు... ఉహు, ఏం చెప్పకు. ఆయనకు అన్ని ఎర్కే.