పాతదిస్తేనే కొత్తది

హలో… ఆఁ, నేనే, గణపతిరావునే. నంబరు సూడగానే పోల్సుకున్నాను. తెలుగు బడి రెబెక్కా టీచరు కాదేటి? సెప్పండమ్మా.

…కంప్యూటర్లెలాగున్నాయి? ఎనిమిదీ నడుస్తన్నాయా?… ఏడేనా? ఆ పోయింది నాలుగో నంబరుదే అయ్యుంటాది. దానికి కొంచెం తిక్క. ఒక పాలి ఆపేసి మళ్లీ స్విచ్చెయ్యండి, లేస్తాది.

పిల్లలు సంబరపడతన్నారా?… మాక్కావాల్సింది అదే కదమ్మా. ప్రేమ్ బజార్ అద్దె గదుల్లో కాలేజీ సదువైపోయిన కుర్రోళ్లు వదిలేసి పోతారు. అవి మా రిటైరైనోళ్ల కమిటీ ముసలోళ్లం ఐదుగురం టోటో రిక్షాలో ఏసుకొచ్చి, దుమ్ము దులిపి, బాగుసేసి ఇస్తే ఒక బడికి ఎలుగొచ్చింది. అంతకంటే ఏటి కావాల?… మొన్న ఖరిదా బజార్లో మీ పిల్లలిద్దరు కనపడి "థాంక్యూ తాతగారూ" అన్నారు. కంప్యూటర్లిచ్చిన రోజు ఈడియో కోసం మూడు సార్లు అనిపించినాను కదా, మర్సిపోలేదు! తాత కనపడినా, తాతతో మాటాడినా, ఆఖర్న అదే అనాలని సెప్పినాను మరి…

ఏటీ?

పాత డబ్బా? ఏ పాత డబ్బా?

…ఆఁ. మీ ఆఫీసు గదిలో పాత కంప్యూటరు. పూల గుడ్డ కప్పుండేది. ఉంది, ఉంది. మా ఇంటికాడే ఉంది. ఎక్కడికెల్తాది?

ఈరోజా?… ఈరోజు కుదరదమ్మా. అది… రిపేరులో ఉంది.

వద్దొద్దు, టోనీని పంపకండి. ప్యూను పని మానుకుని ఇంత దూరం ఎందుకు రావడం… అయినా దాన్నేటి సేసుకుంటారు? అది లేవడానికే పావుగంట పడతాది. అందులో అంత ఏటున్నాదని?

…

కథలా?

ఎవరి కథలు?… మామ్మలయా?

ఆగండాగండి. పిల్లలు ఇంటికాడ మామ్మ సేత కథ సెప్పించి, ఫోన్లో పట్టి తెచ్చినవి… మీరిచ్చిన హోంవర్కు. ఆరేళ్లుగానా?… నలభై ఇద్దరా!… ఇక్కడి పిల్లలు బెంగాలీ, హిందీ కలిపి మాటాడతారని, మామ్మల తెలుగు సెవిలో పడాలని… అవునమ్మా. మంచి పని. సానా మంచి పని.

మరి ఫోన్లలో ఉంటాయి కదా?… తుడిసేసినారా. అవున్లే, నిండిపోతే తుడిసేస్తారు. పెన్‌డ్రైవ్?… అదీ పాడైపోనాదా.

…

ఉన్నానమ్మా. ఇంటన్నాను.

రెబెక్కమ్మా… మీకు అబద్ధం సెప్పినాను. అది రిపేరులో లేదు.

…లేదు, ఎవరూ ఎత్తుకుపోలేదు. నేనే. డబ్బా పాత సామానోడికి ఇచ్చేసినాను. లోపలి డిస్కు నాకాడే ఉంది. ఉంది గానీ… కంగారు పడి వచ్చీకండి. ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. దానికి కన్నాలు పెట్టేసినాను.

…డ్రిల్లింగ్ మిషన్తో. మూడు.

ఎందుకంటే ఏటి సెప్పమంటారు? ముప్పయ్యారేళ్లు రైల్వే వర్క్‌షాప్ స్టోర్సు కౌంటర్లో కూకున్నాను. అక్కడ పాతది తెచ్చి కౌంటరు మీద పెడితేనే కొత్తది. రెంచైనా అంతే, బల్బైనా అంతే, ఆఖరికి సీపురు కట్టైనా అంతే. పనికిరాదని కండెమ్ సేసిన సామాను మళ్లీ ఎవడూ వాడకుండా కన్నం పెట్టి గానీ బైటికి పంపం. సెయ్యి అలవాటైపోనాది. ఎనిమిది ఇచ్చినాను, పాతదొకటి పట్టుకొచ్చినాను, ఇంటికొచ్చి కన్నాలు పెట్టినాను. అది బడి అనీ, నేను రిటైరై ఏడేళ్లయిందనీ బుర్రకి తట్టలేదు.

…అవును. మీరు సెప్పినారు. "బాబాయ్, దాన్ని ఉంచీండి" అని రెండు సార్లు సెప్పినారు. అవతల ఈడియో తీస్తన్నారు. అందరి ముందరా "రూలంటే రూలే" అన్నాను. ఎంత గొప్పగా అన్నాను! "ఎందుకమ్మా, ఏటున్నాది అందులో" అని ఒక్క మాట అడిగితే నా నోరేటైనా అరిగిపోయేదా?

…షాపోళ్లు తీయలేరమ్మా. మీకు ఆశ పెట్టను. లోపల పళ్లెం అద్దంలాగుంటాది, అది పగిలిపోనాది. ఇదిగో నా ఎదరే ఉంది. ఆరోజు మీరు నాకు దండేసిన ఫొటో ఫ్రేము కట్టించుకున్నాను. దాని పక్కనే కాయితాలు ఎగరకుండా దీన్ని పెట్టుకున్నాను. ఇరవై రోజులుగా పెట్టుకున్నాను. సిగ్గుతో సచ్చిపోతన్నానమ్మా.

తిట్టండి. పడతాను.

…

ఏటి సెప్తారు పిల్లలకి?… పిడుగు పడి కాలిపోనాదనా?… నా మర్యాద కోసమా.

…అలాగే సెప్పీండమ్మా. పుణ్యముంటాది. పిల్లల ముందర తలెత్తుకోలేను. అలాగే సెప్పండి. పిడుగనే సెప్పండి.

ఏ గుంట?… మౌనికా?

రెండు జడల గుంట. గుర్తుంది. డబ్బాని వాటేసుకుని వదల్లేదు. "కొత్తవి ఎనిమిదొస్తే ఈ సెత్తకి ఏడుస్తావేటే" అని కసిరినాను… ఆ తరవాత… అవును, సెప్పినాను. "బాగుసేసి తెచ్చి ఇచ్చేస్తానమ్మా" అన్నాను. సేతులు వదిలించడానికి అన్నాను. అది నిజమనుకుందేటి?

…ఎవరి మనవరాలు?

మా ఖరిదా సందులో నీలవేణమ్మా? వానాకాలంలో పోయిన నీలవేణమ్మేనా? సావుకి ఎల్లినాను కదమ్మా నేను.

…రోజూ ఇంటర్వెల్లోనా? రోజూ వచ్చి మామ్మ గొంతు వినెల్లేదా.

మరి ఆరోజు ఒక్క మాట సెప్పలేదే ఆ గుంట?… ఆఁ. నిజమే. నేను సెప్పనిచ్చినానా.

…గుమ్మం బైటే నిలబడుందా? అందుకే ఫోన్ సేసినారా మీరు… తాత తెచ్చేసినాడా అని రోజూ అడుగుతోందా.

పిడుగొద్దు. ఇందాకన్న మాట వదిలీండి. ఇంతోటి మర్యాద కోసం మీ సేత అబద్ధమాడించి ఎక్కడ దాసుకుంటాను? దానికి ఫోనివ్వండి.

ఇవ్వండమ్మా. నేనే సెప్పాల.

…

హలో… మౌనికా? ఆఁ, కంప్యూటర్ల తాతనే.

బువ్వ తిన్నావా?… మంచిది.

…బాగైపోయిందా అంటే… లేదమ్మా. బాగవదు. తాతే పాడుసేసేసినాడు. అందులో ఏటున్నాదో అడక్కుండా కన్నాలు పెట్టేసినాడు.

…లేదమ్మా. మామ్మ ఇంక వినపడదు.

…కొత్తదాంట్లోనూ రాదు తల్లీ. ఏ దాంట్లోనూ రాదు.

నీకు తెచ్చిస్తానన్నాను కదా, అది అబద్ధం. నీ సేతులు వదిలించడానికి ఆడినాను. నువ్వు పట్టుకున్నదే మంచి పని, నేను లాక్కున్నదే తప్పు. ఇంటన్నావా?

…మౌనికా, ఏడుస్తన్నావా?… ఏడు తల్లీ. నన్ను తిట్టు. టీచరమ్మ ఏటీ అనదు, తిట్టు.

…

ఏటన్నావు?

అనకమ్మా. ఆ మాట నేనే నేర్పినాను గానీ, ఇప్పుడనకు. నాకు థాంక్యూ సెప్పకమ్మా, మౌనికా…

హలో?

…హలో…